కనుగొనడంలోని ‘కొను’: వెల లేని ఆటలు, కనుగొన్నవారి ఋణం

ప్రవేశిక

నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ మండలంలోని సోమశిల రేవులో నిలబడినవారికి ఎదుట కనబడేది కృష్ణానది అనడం సగం నిజమే. అది శ్రీశైలం ఆనకట్ట వెనుక నిలిచిన జలాశయం. 1963లో శంకుస్థాపన జరిగిన ఆ ప్రాజెక్టు 1980 దశకం తొలినాళ్లకు జలాశయంగా నిండేసరికి నదికి ఇరువైపులా సుమారు వంద గ్రామాలు ముంపుకు గురయ్యాయి. సోమశిలలోని లలితా సోమేశ్వరస్వామి ఆలయం మెరకకు చేరింది. జటప్రోలు మదనగోపాలస్వామి ఆలయం, కృష్ణా తుంగభద్రల కూడలిలో ఉండిన కూడవెల్లి సంగమేశ్వరాలయం తమ స్థలాలు మార్చుకున్నాయి. ఆవలి ఒడ్డున, ఏడు నదుల సంగమస్థానంగా ప్రసిద్ధమైన సంగమేశ్వరం మాత్రం ఉన్నచోటనే ఉంది. నీరు పెరిగితే ఆ గుడి మునుగుతుంది. వేసవిలో నీరు తగ్గితే మళ్లీ తేలుతుంది.

ఏటా గుడి శిఖరం బయటపడినప్పుడు దానిని తాము కనుగొన్నామని చుట్టుపక్కల వారెవరూ అనరు. మునిగి ఉన్న నెలలలో సైతం అది ఎక్కడుందో వారికి తెలుసు. తమ పాత వీధి ఏ నీటి కింద ఉందో ముంపు గ్రామాలవారికి తెలుసు. అయితే చరవాణిలో ఒక ఛాయాచిత్రం చూసి తొలిసారి సోమశిలకు వచ్చిన యాత్రికునికి అదే ప్రదేశం ‘ఎవరికీ తెలియని చోటు’ అవుతుంది. తాను దానిని కనుగొన్నానని అతడు నిజాయితీగానే భావిస్తాడు. ఇద్దరూ చూసేది ఒకే నీటిని. ఒకరు జ్ఞాపకంతో చూస్తారు, మరొకరు ఆశ్చర్యంతో చూస్తారు.

ఈ భేదం ఒక నైతిక ప్రశ్నను లేవదీస్తుంది. వెల లేకుండా అందుబాటులో ఉన్నదానిని కనుగొన్నవారికి దాని పట్ల ఏమైనా బాధ్యత ఉంటుందా? ఈ ప్రశ్నను తెలుగు విమర్శ ఇంతవరకు అంతగా దృష్టి పెట్టని ఒక రచనావిభాగాన్ని ఆధారంగా చేసుకొని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆ విభాగం, స్వతంత్ర రచయితలు తయారుచేసి ఉచితంగా పంచిన అడ్వెంచర్ తరహా కంప్యూటర్ ఆటలు. ఈ విషయం తెలుగు పరిశోధకులకు దూరపుదిగా తోచవచ్చు. తాళపత్రాలను వెదికి వెలికి తీసిన పరంపరకు వారసులమైన మనకు నిజానికి ఇది చాలా దగ్గరిది.

దొరకడం, కనుగొనడం

తెలుగులో ‘దొరకు’ అకర్మక క్రియ. దొరికిన వస్తువే అందులో కర్త. పొందినవాడు ‘కు’ ప్రత్యయంతో పక్కకు తప్పుకుంటాడు: నాకు పుస్తకం దొరికింది. ఇందులో పొందినవాని ప్రయత్నం ప్రధానం కాదు. ‘కనుగొను’ సకర్మకం. ఇక్కడ చూసినవాడే కర్త, చూడబడినది కర్మ. ‘కను’, ‘కొను’ అన్న రెండు ధాతువులు కలిసి, రెండవదాని కకారం గకారమై ఈ క్రియ ఏర్పడింది. ‘కొను’ అంటే స్వీకరించడం. వెల ఇచ్చి తీసుకోవడం అన్న అర్థమూ దానిదే. మరొక క్రియ తరువాత చేరినప్పుడు అది ఆత్మార్థాన్ని తెలుపుతుంది: చేసికొను, వండికొను, తీసికొను. కనుక కనుగొనడంలో కేవల దర్శనం లేదు. చూసి తనది చేసుకోవడం ఉంది.

మరొక మాట కూడా ఇక్కడ గమనించదగినది. ‘ఉచితం’ అంటే వెల లేనిది. ఉచితం అంటే తగినది కూడా. క్షేమేంద్రుడు కావ్యానికి ప్రాణమని ప్రతిపాదించిన ఔచిత్యం ఈ రెండవ అర్థం నుంచి వచ్చినదే. ఈ రెండు అర్థాలను కలిపి చూస్తే మన ప్రశ్న తెలుగులోనే స్పష్టమైన రూపం తీసుకుంటుంది: ఉచితంగా దొరికినదాని పట్ల ఉచితమైన నడవడి ఏది?

వెల లేని ఆట: స్వరూపం

అడ్వెంచర్ ఆటను ‘సాహసక్రీడ’ అని అనువదించవచ్చు గాని అందులో సాహసం తక్కువ, వెదుకులాట ఎక్కువ. చేతివేగంతో, గురిపెట్టడంతో దానికి పని లేదు. ఒక స్థలవర్ణనను చదివి లేదా చిత్రంగా చూసి, దిక్కులు ఎంచుకొని నడుస్తూ, వస్తువులను పరిశీలిస్తూ, పాత్రలతో మాట్లాడుతూ, కథలోని చిక్కుముడులను విప్పుకుంటూ పోవడమే ఆట. పాఠకుడు అడుగు వేయనిదే కథ ముందుకు సాగదు. ఈ విధంగా అది చదువుకు, ఆటకు నడుమ ఉన్న ప్రక్రియ.

అక్షరరూపంలోని ఇలాంటి ఆటలను 1979లో ఏర్పడిన ఇన్ఫోకామ్ సంస్థ విపణిలో విజయవంతంగా అమ్మింది. 1989 నాటికి ఆ సంస్థ మూతపడింది. చిత్రాల ఆటల ముందు అక్షరాల ఆటకు గిరాకీ తగ్గింది. విపణి వదిలిపెట్టిన ఈ ప్రక్రియను దానిని ప్రేమించినవారు వదలలేదు. 1992లో ఇంటరాక్టివ్ ఫిక్షన్ ఆర్కైవ్ అనే భాండాగారం ఏర్పడింది. 1993లో గ్రాహం నెల్సన్ ‘ఇన్‌ఫార్మ్’ అనే రచనాసాధనాన్ని రూపొందించి అందరికీ ఇచ్చాడు. 1995 నుంచి ఏటా ఈ రచనల పోటీ జరుగుతున్నది. చిత్రాలతో కూడిన ఆటలకు 1997లో క్రిస్ జోన్స్ తెచ్చిన ‘అడ్వెంచర్ గేమ్ స్టూడియో’, కంప్యూటర్ భాష రానివారికి సైతం ఉపయోగపడేలా 2009లో క్రిస్ క్లైమస్ తెచ్చిన ‘ట్వైన్’ ఇలాంటి సాధనాలే. వీటితో ఉద్యోగులు, విద్యార్థులు, అధ్యాపకులు తీరిక వేళలలో రాసిన ఆటలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. అనేకం పూర్తిగా ఉచితం.

‘ఫ్రీవేర్’ అన్న మాటను 1982లో ఆండ్రూ ఫ్లూగెల్‌మన్ తన ‘పీసీ-టాక్’ అనే సాఫ్ట్‌వేర్‌ను పంచుతూ వాడాడు. వాడి చూసి నచ్చితే కొంత సొమ్ము పంపమని ఆయన కోరాడు. ఆ మాటను తన వ్యాపారచిహ్నంగా కూడా చేసుకున్నాడు. వెల లేకపోవడం, హక్కు లేకపోవడం ఒకటి కావని ఈ తొలి ఉదాహరణే చెబుతుంది. ఫ్రీవేర్ ఆటను ఎవరైనా ఆడవచ్చు. దానిని మార్చే అధికారం రచయిత ఇస్తే తప్ప రాదు.

ఇటువంటి ఆటలకు సంబంధించిన అసలు సమస్య లభ్యత కాదు. వెల ఉన్న వస్తువు తనను అమ్ముకునేవారిని వెంట తెచ్చుకుంటుంది. వారికి ప్రకటన అవసరం, దుకాణం అవసరం. వెల లేని ఆటకు ఆ వర్తకుడు ఉండడు. ఎవరో ఒకరు ఆడి, బాగుందని మరొకరికి చెప్పకపోతే అది ఉన్నా లేనట్టే. తమకు నచ్చిన ఆట పేరు, రచయిత పేరు, సంవత్సరం, కొన్ని వాక్యాల పరిచయం రాసిపెట్టే ఓపికగల పాఠకుల మీదే ఈ ప్రక్రియ బతుకు ఆధారపడి ఉంది. మన చాటుపద్యాలు నోటినుంచి నోటికి తిరిగి బతికినట్లే, వేటూరి ప్రభాకరశాస్త్రి వంటివారు వాటిని ఏర్చి కూర్చినందువల్ల నిలిచినట్లే.

నిలవడం కూడా తేలిక కాదు. ఫ్లాష్ అనే సాంకేతికతలో అల్లిన ఉచిత ఆటలు ఎన్నో 2020 డిసెంబరు 31తో అడోబీ సంస్థ దానికి మద్దతు ఆపివేయడంతో బ్రౌజర్లలో తెరుచుకోకుండా పోయాయి. 2018లో మొదలైన ఫ్లాష్‌పాయింట్ వంటి సంరక్షణోద్యమాలు ముందుగానే మేలుకొన్నందువల్ల వాటిలో పెద్ద భాగం దక్కింది. చెదపురుగుకు ముందే తాళపత్రానికి ప్రతి తీసిన లేఖకుని పని వంటిదే ఇది.

వుడ్స్ రాసిన లేఖ

ఈ ప్రక్రియకు ఆదిగ్రంథం వంటి ఆట ‘కొలోసల్ కేవ్ అడ్వెంచర్’. దాని పుట్టుకలోనే మన ప్రశ్నకు సమాధానం కొంత ఉంది.

ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన అర్పానెట్ నిర్మాణంలో పాల్గొన్న విల్ క్రౌథర్‌కు గుహలలో తిరగడం ఇష్టం. అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో మామత్ గుహావ్యవస్థను కొలిచి పటాలు గీసే బృందంలో ఆయన, ఆయన భార్య పట్రీషియా పనిచేశారు. ఆ దంపతులు విడిపోయిన తరువాత, 1970 దశకం నడుమ, క్రౌథర్ తన ఇద్దరు కుమార్తెల కోసం ఒక ఆట రాశాడు. తాను కాలినడకన ఎరిగిన బెడ్‌క్విల్ట్ గుహాభాగమే అందులోని రంగస్థలం. వెల లేదు, ప్రకటన లేదు. అది ఒక కంప్యూటర్‌నుంచి మరొకదానికి ప్రతులుగా పాకింది.

అలా పాకిన ఒక ప్రతి స్టాన్‌ఫర్డ్‌లో విద్యార్థిగా ఉన్న డాన్ వుడ్స్ కంటపడింది. దానిని పెంచి రాయాలని అతనికి అనిపించింది. అడిగేవారు లేరు. ఆ ప్రతి అతని చేతిలోనే ఉంది. అయినా అతడు రచయితను వెదికాడు. రచయిత పేరు తెలుసు గాని చిరునామా తెలియదు. అందువల్ల అర్పానెట్‌లో ఉన్న ప్రతి కంప్యూటర్‌కూ ‘క్రౌథర్’ పేరిట ఒక లేఖ పంపాడు. క్రౌథర్ జవాబిచ్చాడు, మూలాన్ని ఇచ్చాడు. 1977లో వుడ్స్ పెంచిన ఆట లోకమంతా వ్యాపించింది.

వుడ్స్ చేసిన ఈ పనిలో కనుగొనడం అన్న చర్యకు నైతికస్వరూపం కనబడుతుంది. ఆట అతనికి దొరికింది. ఆ దొరకడాన్ని కనుగొనడంగా మార్చినది అతడు రాసిన లేఖ. ‘కొను’ అన్న ధాతువు కోరే వెలను అతడు సొమ్ముగా కాక ప్రయత్నంగా, అభ్యర్థనగా చెల్లించాడు.

ఈ కథకు మరొక ఘట్టం ఉంది. క్రౌథర్ మూలం చాలా కాలం కనబడకుండా పోయింది. అందులో కల్పన లేదని, వాస్తవమైన గుహావర్ణన మాత్రమే ఉండేదని, మాయలూ మరుగుజ్జులూ వుడ్స్ చేర్చినవని ఒక ప్రచారం స్థిరపడింది. 2005లో వుడ్స్ పాత ఖాతాలో ఆ మూలం బయటపడింది. డెన్నిస్ జెర్జ్ అనే పరిశోధకుడు స్వయంగా గుహలోకి దిగి స్థలాన్ని మూలంతో పోల్చి, 2007లో తన పరిశీలనను ప్రకటించాడు. కల్పనాంశాలు క్రౌథర్ మూలంలోనే ఉన్నాయని తేలింది. గ్రంథపరిష్కరణ పద్ధతి తెలిసినవారికి ఇందులో కొత్త ఏమీ లేదు: ప్రతిని వెదకడం, మూలాన్ని ప్రక్షిప్తాన్నీ వేరుచేయడం, రచనలోని స్థలాన్ని నేలమీద సరిచూడడం.

కనుగొన్నామన్న గర్వం

అయితే వుడ్స్ లేఖ క్రౌథర్ వద్ద ఆగింది. ఆ గుహలు అంతకు ముందూ ఎవరికో తెలుసు.

మామత్ గుహలో 1838 నుంచి మార్గదర్శకుడుగా పనిచేసిన స్టీఫెన్ బిషప్ ఒక నల్లజాతి బానిస. అంతవరకు ఎవరూ దాటని అగాధాన్ని దాటి లోపలి దారులను చూపినవాడు. 1842లో అతడు జ్ఞాపకం నుంచి గుహ పటాన్ని గీశాడు. 1845లో అది అచ్చయింది. స్వేచ్ఛ లభించిన కొద్దికాలానికే, 1857లో మరణించాడు. అతనికి వేల ఏళ్ల పూర్వం స్థానిక ఆదివాసులు అదే గుహలోకి కాగడాలతో వెళ్లిన ఆనవాళ్లు ఉన్నాయి. ఇక 1972లో ఫ్లింట్ రిడ్జ్ గుహలు మామత్ గుహతో కలుస్తాయని నిరూపించిన యాత్రలో కీలకపాత్ర పట్రీషియా క్రౌథర్‌ది. ఆటను కనుగొన్న చరిత్ర చెప్పేటప్పుడు ఇద్దరు పురుషుల పేర్లు వినబడతాయి. ఆ ఆటకు నేల అయిన గుహను తెలుసుకున్నవారి పేర్లు అంతగా వినబడవు.

ఇక్కడ కనుగొనడంలోని రెండవ ప్రమాదం తెలుస్తుంది. మొదటిది దొరికినదానిని వాడుకొని మరచిపోవడం. రెండవది కనుగొన్నానని చెప్పుకోవడంలో ముందే తెలిసినవారిని చెరిపివేయడం. మొదటిది ఉదాసీనత, రెండవది అపహరణ. పండితులమైన మనం ఎక్కువగా జాగ్రత్తపడవలసింది రెండవదాని విషయంలోనే.

ఈ ప్రమాదాన్ని ఎదుర్కొన్న ఉదాహరణలు కృష్ణ పారే ఈ ప్రాంతానికే చెందినవి రెండు ఉన్నాయి. వనపర్తి సంస్థానంతో అనుబంధం ఉన్న మానవల్లి రామకృష్ణకవి నన్నెచోడుని కుమారసంభవాన్ని 1909లో వెలికి తెచ్చాడు. అంతవరకు తెలుగు సాహిత్యచరిత్రలో లేని కవి ఒక్కసారిగా ప్రాచీనుల సరసన నిలిచాడు. వెంటనే వాదాలు పుట్టాయి. కవి కాలం మీద, కృతి ప్రామాణికత మీద తీవ్రమైన సందేహాలు వచ్చాయి. కనుగొన్నవాడు తన మాటకు తాను పూచీ పడవలసి ఉంటుందనీ, ఇతరులు సరిచూడగల ఆధారం వదలవలసి ఉంటుందనీ ఆ వాదాలు నేర్పాయి. కనుగొనడం ఒక ప్రకటనతో ముగిసేది కాదు. అది పరీక్షకు తలవంచడం కూడా.

రెండవది గద్వాల ప్రాంతం వాడైన సురవరం ప్రతాపరెడ్డి 1934లో ప్రకటించిన గోలకొండ కవుల సంచిక. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యమన్న ఆక్షేపణకు జవాబుగా ఆయన 354 మంది కవులను ఒక్కచోట చేర్చాడు. వారెవరూ అజ్ఞాతంలో లేరు. తమ తమ ఊళ్లలో అందరికీ తెలిసినవారే. లేరని చెప్పినవారి అజ్ఞానమే వారిని మరుగుపరిచింది. ప్రతాపరెడ్డి ఆ కవులను కనుగొన్నానని చెప్పుకోలేదు. వారి పేర్లతో, ఊళ్లతో, పద్యాలతో వారినే ముందు నిలిపాడు. ఉచిత ఆటలను వెదికేవారికి ఇంతకంటే మంచి ఆదర్శం వేరే అవసరం లేదు. అరుదైన ఆట ఒకటి ‘ఎవరికీ తెలియదు’ అని రాసేముందు, ‘నాకు తెలియదు’ అన్న మాట సరిపోతుందేమో చూసుకోవాలి.

ఋణం: ఒక ఆక్షేపం, సమాధానం

ఇక్కడ బలమైన ఆక్షేపం ఒకటి రావచ్చు. ఇచ్చినవాడు ఏ నియమమూ పెట్టలేదు. ప్రతిఫలం అడగలేదు. అటువంటప్పుడు పుచ్చుకున్నవాని మీద బాధ్యత మోపడం దానాన్ని బేరంగా మార్చడం కాదా? మన సంప్రదాయంలో ఉత్తమ దానం ప్రత్యుపకారం ఆశించనిది. భగవద్గీత పదిహేడవ అధ్యాయం సాత్త్విక దానాన్ని నిర్వచించినది ఈ లక్షణంతోనే. దీనికి భిన్నంగా, 1925లో మార్సెల్ మోస్ దానాన్ని గురించి రాసిన ప్రసిద్ధ పరిశీలనలో, ప్రతిదానాన్ని కోరని దానం సమాజంలో లేదన్నాడు. ఈ రెండు అభిప్రాయాలు పరస్పరం ఖండించుకుంటున్నట్లు కనిపిస్తాయి.

నిజానికి అవి రెండు వేర్వేరు మనుషులను గురించిన మాటలు. ఆశించకపోవడం ఇచ్చేవాని ధర్మం. మరచిపోకపోవడం పుచ్చుకునేవాని ధర్మం. ఇచ్చినవాడు అడగనంత మాత్రాన పుచ్చుకున్నవాడు ఋణి కాకుండా పోడు. తైత్తిరీయ సంహిత చెప్పిన ఋణత్రయం ఒక వర్ణాన్ని ఉద్దేశించినదే అయినా, అందులోని ఋషిఋణ భావనను మనం విస్తరించి వాడుకోవచ్చు. ఋషులు తమ అప్పు తీర్చమని ఎవరినీ అడగలేదు. ఆ ఋణం వారికి తిరిగి చెల్లించేదీ కాదు. అధ్యయనంతో, దాని వెంట వచ్చే అధ్యాపనంతో తరువాతివారికి చెల్లించవలసినది. కనుక అది బేరం కాదు. తన భాగవతాన్ని పోతన రాజులకు అంకితమివ్వకపోయినా ఆ కావ్యాన్ని చదివిన తరాలు ఆయనకు ఋణపడ్డాయి. ఆ ఋణాన్ని తమ పిల్లలకు పద్యాలు నేర్పి తీర్చుకున్నాయి.

ఈ దృష్టితో చూస్తే ఉచిత ఆటను కనుగొన్నవానికి మూడు కర్తవ్యాలు ఏర్పడతాయి. మొదటిది ఓపికగా ఆడడం. డబ్బు పెట్టి కొన్న ఆటను విసుగు పుట్టినా కొంత దూరం ఆడతాము. వెల లేనిదానిని మొదటి చిక్కు వద్దే వదిలేస్తాము. ఈ అలవాటు మన రుచిని గురించి కాక, మనం విలువను ఎక్కడ వెదుకుతున్నామన్నదానిని గురించి చెబుతుంది. రెండవది పేరు నిలపడం. రచయిత, సంవత్సరం, వాడిన సాధనం, సహాయపడినవారు, కథ ఏ స్థలం నుంచి వచ్చిందో ఆ స్థలం, అన్నీ చెప్పడం. మూడవది పనిచేసే స్థితిలో తరువాతివారికి అందించడం. ఈ మూడూ ఎవరూ శాసించినవి కావు. శాసించలేనివి కూడా. అందుకే వీటిని నీతి అంటున్నాము, చట్టం అనడం లేదు.

తీసుకో, చూడు, చెప్పు

ఇంతవరకు చెప్పినది ఆటను కనుగొనేవారి గురించి. ఆట లోపల కనుగొనడం ఏ విధంగా జరుగుతుందన్నది కూడా పరిశీలించాలి.

కొలోసల్ కేవ్‌లో ఆటగాడు గుహలోని నిధులను పోగుచేసి పైన ఉన్న కట్టడానికి చేర్చాలి. వుడ్స్ రూపంలో పూర్తి మార్కులు 350. ఈ ప్రక్రియకు తొలినుంచి ప్రాణమైన ఆజ్ఞ ‘తీసుకో’. కనబడినదల్లా తీసుకోవడం, సంచిలో వేసుకోవడం ఆటగాని స్వభావమయింది. తెలుగులో ఆ ఆజ్ఞలోనూ ‘కొను’ ఉంది. అయితే ఉచిత రచనలు పెరిగినకొద్దీ ఈ స్వభావం మారింది. 1998 పోటీలో ప్రథమస్థానం పొందిన ఆడమ్ కాడ్రే ‘ఫోటోపియా’లో నిధులు లేవు. పలువురి కళ్లతో ఒక బాలిక జీవితాన్ని చూడడం ఉంది. జరగబోయే విషాదాన్ని ఆటగాడు ఆపలేడు. 2000లో ఎమిలీ షార్ట్ రాసిన ‘గలాటియా’లో ఒక శిల్పసుందరితో మాట్లాడడమే ఆట. ‘తీసుకో’ స్థానంలో ‘చూడు’, ‘అడుగు’ వచ్చాయి. అమ్మకం లెక్కలు లేకపోవడం వల్ల ఇటువంటి ప్రయోగాలకు చోటు చిక్కిందని భావించవచ్చు.

ఇప్పుడు సోమశిలకు తిరిగి వద్దాము. క్రౌథర్ తాను నడిచిన గుహను ఆటగా మార్చినట్లు, ఒక విద్యార్థి ముంపుకు గురైన ఒక ఊరిని తెలుగులో ఉచిత ఆటగా రాయదలచాడనుకుందాము. ట్వైన్‌లో రాసినది బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది కనుక తెలుగు లిపికి ఆటంకం లేదు. ఆజ్ఞలను టైపు చేసే పద్ధతిలో రాస్తే మాత్రం మన వ్యాకరణం ఎదురవుతుంది. ఇంగ్లీషులో క్రియ ముందు, వస్తువు వెనుక. మాట రూపం మారదు. తెలుగులో దీపం దీపాన్ని అవుతుంది, దీపంతో అవుతుంది. ఇల్లు ఇంటికి అవుతుంది. చేయి చేతిలో అవుతుంది. ఔపవిభక్తికాలను గుర్తించని యంత్రానికి తెలుగు ఆటగాని మాట తెలియదు. ఈ పనికి బాలవ్యాకరణం తెలిసినవారే కావాలి. తెలుగు శాఖలు చేయగల దోహదం ఇక్కడ స్పష్టంగా ఉంది.

ఇంతకంటే లోతైన చిక్కు మధ్యమపురుషలో ఉంది. ఈ ఆటలు ఆటగానిని సంబోధిస్తూ సాగుతాయి. ఇంగ్లీషులో ఆ సంబోధన ఒకటే. తెలుగులో రచయిత ‘నువ్వు’ అనాలా, ‘మీరు’ అనాలా అన్నది మొదటి వాక్యంలోనే తేల్చుకోవాలి. ‘మీరు రేవు మెట్ల మీద ఉన్నారు’ అంటే ఆటగాడు అతిథి. ‘నువ్వు రేవు మెట్ల మీద ఉన్నావు’ అంటే అతడు ఆ ఊరి బిడ్డ. ముంపు గ్రామంలోకి ఆటగానిని ఎవరుగా పంపుతున్నామన్నది సాంకేతిక నిర్ణయం కాదు.

ఆజ్ఞ విషయమూ అంతే. పుట్టి నడిపే వృద్ధుని వద్దకు వెళ్లి ఆటగాడు ‘చెప్పు’ అని టైపు చేస్తే ఏం జరగాలి? ఇంగ్లీషు ఆటలో ఆ ప్రశ్నే పుట్టదు. మన భాషలో ఆ వృద్ధుడు మౌనంగా తెడ్డు వేయడమే న్యాయం. ‘చెప్పండి’ అంటే మర్యాదగా రెండు మాటలు చెబుతాడు. ‘తాతా, చెప్పు’ అంటే అదే ‘చెప్పు’ చనువుగా మారి, పాత ఊరి దారి తెరుచుకుంటుంది. ఇక్కడ బంధువాచకమే తాళంచెవి. చిక్కుముడి విప్పడానికి తెలివికంటే సంబంధం అవసరమయ్యే ఆట ఇది. తెలుగు ఈ ప్రక్రియకు ఇవ్వగల కొత్త గుణం ఇటువంటిదే కావచ్చు.

అటువంటి ఆటలో ‘తీసుకో’ అన్న ఆజ్ఞకు చోటెక్కడ? నీరు తగ్గినప్పుడు కనబడే గోడరాయి ఒకరి ఇంటిది. దానిని సంచిలో వేసుకుని మార్కులు సంపాదించే ఆట, ముంపును రెండవసారి జరిపించినట్లవుతుంది. ఆ రాయి ఎవరి ఇంటిదో అడిగి తెలుసుకుని, అక్కడే ఉంచి, ఆ పేరు మాత్రం వెంట తీసుకువెళ్లే ఆటను ఊహించవచ్చు. అక్కడ ‘తెలుసుకో’లోని ‘కొను’ మిగులుతుంది, ‘తీసుకో’లోని ‘కొను’ పోతుంది.

ఉపసంహారం

ఉచితంగా దొరికినదాని పట్ల ఉచితమైన నడవడి ఏదన్న ప్రశ్నతో ఈ చర్చ మొదలయింది. వెల లేకపోవడం ఋణం లేకపోవడం కాదని, ఆ ఋణం తీరేది ఓపికతో ఆడడం వల్ల, పేర్లు నిలపడం వల్ల, ముందుతరాలకు అందించడం వల్ల అని చూశాము. కనుగొన్నవాడు ఎన్నడూ మొదటివాడు కాడని, తనకు ముందు తెలిసినవారిని వెదకడమే అతని మొదటి పని అని కూడా చూశాము.

వుడ్స్ ఒక ఆట రచయిత కోసం ప్రతి కంప్యూటర్‌కూ లేఖ రాశాడు. సోమశిల నీటి కింది ఊరిని ఆటగా రాయదలచిన విద్యార్థి రాయవలసిన లేఖ అంతకంటే పెద్దది. ఆ ఊరివారు ఇప్పుడు ఒక్కచోట లేరు. కొల్లాపూర్‌లో, వనపర్తిలో, కర్నూలులో, హైదరాబాదులో, ఇంకా ఎక్కడెక్కడో ఉన్నారు. వారందరి చిరునామాలు ఎవరి వద్దా లేవు. అయినా ఆట రాయడం ఆ లేఖతోనే మొదలు కావాలి. జవాబు ఒక్క ఇంటినుంచి వచ్చినా, ఆ ఒక్క ఇంటినుంచి ఆటలో తొలి గది కట్టవచ్చు.